కడుపుబ్బ నవ్వించే నాటకం

చిన్న నాటకాల ఉత్సవంలో టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే మనిషికి ఉన్న అధికారం దేవుడికి కూడా ఉండదు. పాత భవనంలో ఏ గది ఖాళీగా ఉంటే ఆ గదిలో నాటకం. ఆడేవాళ్ల పేర్లు వాళ్ల చుట్టాలకు తప్ప ఎవరికీ తెలియవు. అందుకని వచ్చినవాళ్లంతా కిటికీలోకి తల వంచి ఒకటే అడుగుతారు. "ఏది బాగుందండీ?"

ఆ కిటికీలో కూర్చునేది అక్క. పైఅంతస్తు గదిలో ఒక్కతే ఆడేది చెల్లెలు. నాటకం వాళ్లమ్మ చివరి రోజుల గురించి.

మొదటిరోజు అక్క ముందు వరసలో కూర్చుని చూసింది. నాటకంలో అమ్మకు సేవ చేసింది చెల్లెలట. నిజానికి ఆ మహాతల్లి ఆదివారం ఆదివారం నాలుగు పళ్లు పట్టుకొచ్చి, మంచం అంచున కూర్చుని ఫోను చూసుకుని పోయేది. ఎత్తిపోసిందీ తుడిచిందీ అక్కే. అంతవరకైతే ఓర్చుకునేదేమో. చెల్లెలు నడుం మీద చెయ్యి వేసుకుని, అచ్చం అక్క గొంతుతో, "మింగితే మింగు, లేకపోతే చావు" అంది. ప్రాణం విసిగిపోయి ఒకే ఒక్కసారి నోరు జారిన మాట అది. ఉన్న కొద్దిమందీ ఊపిరి బిగబట్టారు. అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"జనం రావట్లేదక్కా," అంది చెల్లెలు తర్వాత. "కిటికీ దగ్గర నువ్వో మాట చెప్పొచ్చుగా."

"చెప్తాలే," అంది అక్క.

చెప్పింది కూడా. "పై గదిలోది చూడండి. కడుపుబ్బ నవ్విస్తుంది. ఏడుపు నాటకంలా కనిపిస్తుంది, మోసపోకండి. అంతా వెటకారమే."

నవ్వుదామని వచ్చి కూర్చున్నవాడికి చావైనా ఒకటే, పెళ్లైనా ఒకటే. చెల్లెలు అమ్మలా దగ్గింది. ఒకడు కిసుక్కుమన్నాడు, వాణ్ణి చూసి వరసంతా నవ్వింది. ఆ నవ్వులు కింద కిటికీ దాకా వినిపించాయి. వాళ్లు నవ్వుతున్నది అమ్మ దగ్గు చూసేనని అక్కకు తెలుసు. అయినా ఆమె కడుపు చల్లబడింది. కళ్లు వాచేలా ఏడ్చి మెట్లు దిగిన చెల్లెలికి తనే మంచినీళ్లిచ్చింది.

అయితే చెల్లెలూ తక్కువ తిన్నదేమీ కాదు. ఏ ఎండకా గొడుగు పట్టింది. నాటకంలో అమ్మను సగానికి కోసేసి అక్కను పెంచింది. అక్క నడక, అక్క ముక్కు చీదడం, గిన్నె మంచానికేసి కొట్టడం, తలుపులు దబదబా వేయడం. గది కిటకిటలాడిపోయింది.

"అంతా నీ చలవేనక్కా," అని చెయ్యి పట్టుకుంది చెల్లెలు. "నువ్వు రాగానే మొదలవుతుంది నవ్వు."

ఇప్పుడు ఏది బాగుందని ఎవరూ అడగడం లేదు. ఒకాయన పెళ్లాం పిల్లలతో వచ్చి, కిటికీలోకి వంగి పై గదిలోదానికే టికెట్లడిగాడు. ఒకసారి చూశారట, పిల్లలు మళ్లీ చూస్తామన్నారట.

"అయిపోయాయి," అంది అక్క.

"చూడండమ్మా, ఎలాగైనా."

అక్కకు చిర్రెత్తింది. లేచి నడుం మీద చెయ్యి వేసుకుంది. "వస్తే రేపు రండి, లేకపోతే లేదు."

ఆయన తెల్లబోయి చూశాడు. తర్వాత ఇంటిల్లిపాదీ విరగబడి నవ్వారు.

"భలే అనుకరించారండీ, అచ్చం నాటకంలో అక్కే," అన్నాడాయన. వెనకవాళ్లు ముందుకు తోసుకొచ్చారు. "ఆ మింగే మాట కూడా అనండి, ఒక్కసారి."

అక్క కిటికీ తలుపు దభాలున వేసేసింది. అవతల నవ్వులు ఇంకా పెరిగాయి.