బోర్డుకు పట్టని మాట

నేను ఒక కుంచెను. ఉడుత వెంట్రుకలు, రేకు పట్టీ, కట్టె పిడి, అంతే నా ఒళ్లు. నల్గొండలో సినిమా బ్యానర్లు రాసిన ముసలి ఆర్టిస్టు నన్ను పన్నెండేళ్లు వాడుకుని, చేతులు వణకడం మొదలయ్యాక శిష్యుడు భిక్షానికి ఇచ్చేశాడు.

భిక్షం మాట తక్కువ మనిషి. ఊరంతా మగ్గాలే అయినా తాను రంగు డబ్బా పట్టాడు. దుకాణాల పేర్లన్నీ మేమిద్దరం రాసినవే. ఫ్లెక్సీలు వచ్చాక ఒక్కొక్కటీ జారిపోయి, చేనేత సంఘం పని ఒక్కటే మిగిలింది.

ఒక శనివారం సంఘం అధ్యక్షుడు వీరేశం చీటీ పట్టుకొచ్చాడు. చీరలు కొనడానికి జర్మనీ ఆవిడ, హంగరీ ఆయన వస్తున్నారట. వాళ్ల భాషల్లో బోర్డు కావాలట.

"సోమారం పొద్దటికల్ల గావాలె భిక్షం. అడుగెత్తు అక్షరాలు. గాకుంటే ఫ్లెక్సీ ఏపిస్త. ఇగ అన్ని పనులు గా ఫ్లెక్సీ దుకాణంలనే. ఏపించలేననుకుంటున్నవా?"

జర్మన్ పేరు హాండ్‌వెబెరైగెనోసెన్‌షాఫ్ట్. ఇరవై ఐదు అక్షరాలు. హంగరీ మాటకు ఇరవై రెండు. బోర్డు చూస్తే ఎనిమిదడుగులు.

"గిది పేరా, గూడ్సు బండా? నడుమ ఇరగ్గొట్టి రెండు వరసలు రాయి" అని వీరేశం నవ్వాడు. 'ఏపించలేననుకుంటున్నవా' అని తాను ఒక్క ఊపిరిలో అన్నదాంట్లో ఎన్ని ముక్కలున్నాయో ఆయనకు పట్టలేదు. మనుషులకు పరాయి నోటి పొడుగే కనిపిస్తుంది.

భిక్షం గచ్చు మీద సుద్దతో రాసి చూశాడు. బోర్డులో ఇరికిస్తే అక్షరాలు చీమలయ్యాయి. ఇంతలో భార్య అండాలు పనినుంచి వచ్చింది. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకడం ఆమె పని. పోగు జారకుండా అద్దుకునే బూడిద వేళ్లకింకా ఉంది.

"ఏందయ్యా గంత పొడుగు?"

"చెయ్యి, నేత, సంఘం. మూడు మాటలు కలిపేసిన్రు" అని భిక్షం చీటీ కింద రాసిన అర్థం చదివాడు. "రెండోది, నేత సంఘం. దాని ఎనక 'మన', దాని ఎనక 'లో'. మన నేత సంఘంలో అన్నట్టు."

"'లో' మనం గూడ ఎనకనే అంటిస్తం గద. అతుకుడు పనే ఇది. అతికినంక ఎవడన్న తెంపుతడా?"

భిక్షం సుద్ద పక్కన పెట్టి లేచాడు. తర్వాత ఒక్క మాటన్నాడు.

"గోడ."

ఆదివారం తెల్లవారేసరికి సంఘం ముందు నిచ్చెన వేశాడు. ముప్పై అడుగుల సున్నపు గోడ. సుద్ద తాడు లాగి మాటకొకటి చొప్పున, ఒకదాని కింద ఒకటి రెండు గీతలు కొట్టాడు. వీరేశం ఉరికొచ్చి "గోడ ఖరాబు జేస్తున్నవ్‌రా!" అని అరిచాడు.

"అయినంక తిట్టు" అన్నాడు భిక్షం, వెనక్కి తిరగకుండానే.

గరుకు సున్నం నన్ను కొరికింది. రెండో మాట సగానికి వచ్చేసరికి నా వెంట్రుకలు రాలి రంగులో అంటుకున్నాయి. వాటిని గోటితో ఏరి పారేసి మళ్లీ గీశాడు. చివరి అక్షరం సోమవారం పొద్దున, కారు హారన్ వినబడుతుండగా పడింది.

జర్మనీ ఆవిడ గోడ వెంట నడుస్తూ ఎక్కడా తడబడకుండా చదివింది. హంగరీ ఆయన 'మన'కూ 'లో'కూ ఎదురుగా ఆగి, నవ్వి, గోడను అరచేత్తో చరిచాడు. చెయ్యంతా ఆరని నీలం రంగు. అది చూపించుకుంటూనే లోపలికి పోయాడు.

వీరేశం గోడను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. "ఆ పక్క గోడ మీద తెలుగు గూడ రాయి. గంతే పొడుగు రావాలె."

నాలో ఇక మిగిలింది పిడి. భిక్షం నన్ను కిరసనాయిలుతో కడిగి, తుడిచి, అండాలు వాడే బూడిద డబ్బా పక్కన పెట్టాడు. తర్వాత నల్గొండ బస్సెక్కి కొత్త కుంచె తెచ్చాడు. ఈసారి పంది వెంట్రుకలది, గోడలకు ఆగే రకం.