చెప్పులు గుండానికి అవతల

నా చెప్పులు చంకలో పెట్టుకుని మా నాయన ముందు నడుస్తున్నాడు, నేను వెనకాల ఉత్తకాళ్లతో పరుగెడుతున్నాను, మేమున్నది మా ఊరి వీధో నేను చదువుకున్న అనంతపురం హాస్టలు వరండానో తెలియడం లేదు, ఒక పక్క కట్టెల బండి నిలబడి ఉంది, ఇంకో పక్క పుస్తకాల బీరువాలు వరసగా ఉన్నాయి, వాటి మధ్య నుంచి తప్పెట్ల మోత వస్తోంది. ఆయన చనిపోయాడని నాకు గుర్తుంది. అయినా అదేమంత పెద్ద విషయంగా తోచడం లేదు, కనిపించాడు, అంతే చాలు, సంతోషంలో ముందు ఏది అడగాలో తేలక అన్నీ ఒక్కసారే నోటికొస్తున్నాయి.

"నాయనా, నా చెప్పులియ్యి. యాడికి పోతాండావు?"

"గుండానికి మే. పీర్ల పండగ గదా. పుస్తకాలు సదివి సదివి పండగలు గూడా మర్చిపోతివా?"

"మర్చిపోలేదు. బస్సెక్కి వస్తాండా."

"వస్తాండావు గదా, మళ్ల చెప్పులెందుకు?"

ఆయన వెనక్కి తిరిగి నవ్వుతాడు, ముందటి పన్ను ఊడిన ఆ నవ్వు చూసి నేనూ నవ్వేస్తాను. మా నాయన పేరు ఓబులేసు. మా ఊళ్లో పీర్ల పండుగంటే ఫకీరు కుటుంబాలదీ మాదీ అని వేరుగా ఉండదు, పీర్లుండే చావిడి ముందు గుండం తవ్వి మొద్దులు కాల్చి, పట్టుగుడ్డలు చుట్టిన పీర్లను ఎత్తుకుని ఊరంతా వరసకట్టి ఆ నిప్పుల మీద నడుస్తుంది. నెలల పిల్లగా ఉన్నప్పుడు నాకు జ్వరమొచ్చి కళ్లు తేలేస్తే మా నాయన ఆ చావిడి ముందు పొర్లి, ఈ బిడ్డ బతికితే దస్తగిరి స్వామి పేరు పెట్టుకుంటాను, ఏటా గుండం తొక్కుతాను అని మొక్కుకున్నాడట. అందుకే నేను దస్తగిరమ్మను. బళ్లో పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను, దేవుడి మీద నాకు నమ్మకం లేదు, ఈ పేరు పెట్టుకుని ఈ మాటలేమిటని స్టాఫ్‌రూములో నన్ను ఆటపట్టించని వాళ్లు లేరు.

బీరువాల దగ్గరికొచ్చేసరికి నా చేయి దానంతటదే ఒక పుస్తకం మీదికి పోతుంది. అట్ట చూడగానే గుర్తుపడతాను. హాస్టల్లో ఉండగా ఎవరో సీనియరు చదివి పారేసిన నాస్తికత్వం మీద పుస్తకం, మొదటి పేజీల్లో కోపం వచ్చింది, మధ్యలో భయం వేసింది, చివరికొచ్చేసరికి పట్టలేని ఉత్సాహం, తినేటప్పుడూ చదివాను, నీళ్ల కుళాయి దగ్గర బిందె నిండి పొర్లిపోతున్నా చదివాను. అడగొచ్చన్నమాట! దేన్నయినా, ఎవర్నయినా, ఇది నీకెలా తెలుసు అని అడగొచ్చన్నమాట! ఆ ఒక్క సంగతికే నేను గాల్లో తేలిపోయాను. ఆ పుస్తకంలో నిప్పుల మీద నడక గురించి కూడా ఉంది. సెలవులకు ఊరికి పోయినప్పుడు వేరుశనక్కాయలు ఒలుస్తున్న మా నాయన ముందు కూర్చుని ఆ పేజీలు గుక్కతిప్పుకోకుండా చదివి వినిపించాను.

ఇప్పుడూ అదే పని చేస్తున్నాను. నడుస్తూనే పుస్తకం తెరిచి ఆయనకు వినబడేలా గట్టిగా చెబుతున్నాను. "బొగ్గు లోపల ఎంత ఎర్రగా ఉన్నా దాంట్లో వేడి చప్పున కాలికి ఎక్కదు నాయనా, పైన బూడిద అడ్డముంటాది, కాలు ఆడ ఉండేది గూడా రవ్వంత సేపే. అందుకే కాలదు. పీరు లేడు, మహిమ లేదు!"

"ఆ పొద్దూ ఇట్లనే అరిసినావు. నేనేమంటి?"

"అట్లయితే నువ్వూ నడువు మే అన్నావు."

"నువ్వేమంటివి?"

"మళ్లొచ్చే ఏడు అన్నా."

"ఎన్ని మళ్లొచ్చే ఏండ్లు పొయినాయి?"

నాకు నవ్వూ సిగ్గూ కలిసి వస్తాయి. కాలదని తెలిసినదాన్ని గట్టుమీద నిలబడ్డాను, కాలుతుందనుకునే ఆయన నడిచాడు. తర్వాత్తర్వాత అలాంటి పుస్తకాలు ఇంకా చదివాను, కొన్ని మతాన్ని తిట్టి ఊరుకున్నాయి, కొన్ని మాత్రం మనుషులు ఎందుకు నమ్ముతారో ఓపిగ్గా చెప్పాయి, అవి చదివాక గుండం వైపు చూసే నా చూపు మారింది. దేవుడు లేడన్న మాట దగ్గర నేను కదల్లేదు. కానీ గుంత తవ్వేది ఎవరు, మొద్దులిచ్చేది ఎవరు, మామూలు రోజుల్లో ఒకరి ఇంట్లో ఒకరు నీళ్లు తాగనివాళ్లు ఆ రోజు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసి ఎలా నడుస్తారు అన్నవి నాకు కనబడటం మొదలైంది, అంతకుముందు పీరు ఉన్నాడా లేడా అన్న గొడవలో అవేవీ కనబడలేదు. ఈ మాట మా నాయనతో చెప్పాలనుకున్నాను, చెప్పేలోపే ఆయన పోయాడు.

ఇప్పుడు చెబుతున్నాను, ఆయన వింటూ తలూపుతున్నాడు, వరండా కాస్తా సన్నటి దారి అయిపోయింది, బీరువాలు తుమ్మచెట్లయ్యాయి, తప్పెట్లు దగ్గరయ్యాయి, ముఖానికి సెగ తగులుతోంది. గుండం! ఎర్రగా కణకణలాడుతూ మా ముందు పరుచుకుని ఉంది, అవతలి గట్టు పొగలో సరిగా కనిపించడం లేదు, అక్కడ ఎవరెవరో నిలబడి మమ్మల్ని పిలుస్తున్నారు. మా నాయన చంకలోంచి నా చెప్పులు తీసి ఒకదాని తర్వాత ఒకటి గుండం మీదుగా అవతలికి విసిరేస్తాడు.

"ఏం పని నాయనా ఇది! మొన్న కొన్నవి!"

"పోయి తెచ్చుకో."

నేను అడుగు వేయను. అడగాల్సింది ఒకటి గొంతులో ఉంది, అది అడక్కుండా ఎక్కడికీ పోలేను. చనిపోవడానికి ముందటి ఏడాది మా నాయన గుండం తొక్కలేదు. ఊరంతా నడుస్తుంటే చావిడి అరుగు మీద కూర్చుండిపోయాడని మా వదిన ఫోన్లో చెప్పింది, ఎందుకని ఎంతమంది అడిగినా ఉలకలేదట, పలకలేదట. ఆ మాట విన్నప్పటి నుంచి ఒకటే దిగులు నన్ను తింటోంది. నా బతుకు కోసం మొక్కిన మొక్కు అది. నేను నా పుస్తకాలు తెచ్చి, నా వాదనలు పెట్టి, ముసలితనంలో ఆయన చేతికర్ర లాగేసుకున్నానా?

"నాయనా, ఆ ఏడు నడవలేదంట గదా నువ్వు. నా మాటలకేనా? పీరు లేడని నేను చెప్పినందుకేనా?"

ఆయన నావైపు వింతగా చూస్తాడు, తర్వాత గుండం గట్టున చతికిలబడి కుడికాలు ఒళ్లో పెట్టుకుని అరికాలు నాకు చూపిస్తాడు. అది పొడిబారి పగిలి ఉంది, మడమ దగ్గర మానిన పుండు మచ్చ, అప్పట్లో మా వదిన ఫోన్లో చెప్పిన పుండే.

"చక్కెర జబ్బు మే. కాలు మొద్దుబారి పొయ్యింది. తుమ్మముల్లు ఇరిగినా నాకు తెలీలే, చెప్పులో నెత్తురు జూసి మీ వదిన కేకేసింది. అప్పుడు నాకు అనుమానమొచ్చింది. పండగ ముందర ఒక్కన్నే కూసోని ముల్లు తీసుకోని అరికాలంతా గుచ్చి జూసుకున్యా. ఈడ, ఈడ, ఈడ. యాడా తెలీలే."

"నువ్వే గుచ్చుకున్నావా?"

"సూడకుండా ఏదీ నమ్మొద్దని నువ్వే గదా సదివి చెప్పింది. సూసుకున్యా." ఆయన గర్వంగా అంటాడు. "వేడి తెలీని కాల్తో నిప్పు తొక్కితే అదేం మొక్కు మే? ఊరోళ్లంతా నన్ను జూసి, ఓబులేసు ఎంత నిబ్బరంగా నడుస్తాండాడో అనుకుంటారు. పీరును మోసం జేసినట్టు గాదా? పీరు లేడంటావా, సరే, ఊరిని మోసం జేసినట్టు గాదా?"

ఆ సెగలో నాకు ఏడుపొస్తోంది, అదే సమయంలో ఎగిరి గంతులేయాలనిపిస్తోంది. ఆయన నమ్మకాన్ని నేను విరగ్గొట్టలేదు. నేను చదివి వినిపించిన ఒక్క మాటను ఆయన తీసుకుని, తన మొక్కుకే ఆనించి చూశాడు, నేనేమో అదే మాటను ఇన్నేళ్లుగా చంకలో పెట్టుకుని తిరుగుతున్నాను. మా బళ్లో నేను ఎన్ని ప్రయోగాలు చేయించానో, ఇంత నిజాయితీగా ఒక్కటీ చేయలేదు.

"ఈ మాట అప్పుడే చెప్పొచ్చు గదా నాయనా!"

"నువ్వు వస్తే చెబుదామనుకున్యా. నువ్వు మళ్లొచ్చే ఏడు అంటివి."

తప్పెట్లు ఉరుముతున్నాయి, చావిడి ఇప్పుడు మా బడి ప్రయోగశాల లాగా కనిపిస్తోంది, గాజు సీసాల మధ్య పీర్లు పట్టుగుడ్డలతో నిలబడి ఉన్నాయి, నాకు అదేమీ వింతగా లేదు. ఒక్కసారిగా తట్టి ఆయన భుజం పట్టుకుని ఊపేస్తాను.

"నాయనా, నువ్వు పోయినావు గదా! ఆ పక్కకు పోయి చూసినావు గదా! ఇప్పుడన్నా చెప్పు, ఉన్నాడా, లేడా?"

మా నాయన కడుపు పట్టుకుని నవ్వుతాడు, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటాడు.

"పిచ్చిదానా, నీ కలలోకొచ్చినోన్ని అడిగితే ఏం లాభం? నీకు తెలిసిందే గదా నేను చెప్పేది! పోయి సూడు, నీ కాల్తో నువ్వు సూసుకో. పా."

ఆయన నా చేయి పట్టుకుంటాడు. ఆ చేయి గరుగ్గా, వేరుశనగ మట్టి వాసనతో, అచ్చం ఆయన చేయిలాగే ఉంది. నేను పుస్తకం మూసి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంటాను, నాకు భయం వేస్తోంది, భయం కంటే ఎక్కువగా ఉత్సాహం తన్నుకొస్తోంది, బొగ్గు, బూడిద, రవ్వంత సేపు అని నేను గొణుగుతుంటే ఆయన పక్కన, గుండం తొక్కేవాళ్లంతా అరిచినట్టే, దూలా దూలా అని అరుస్తున్నాడు, రెండూ కలిసి ఒకే పాటలాగా వినిపిస్తున్నాయి, కుడికాలు ఎత్తుతాను, పెట్టబోతాను.

బస్సు గట్టిగా బ్రేకు వేసింది. ముందు సీటు కడ్డీకి నుదురు కొట్టుకుని కళ్లు తెరిచాను. కిటికీ బయట మిట్టమధ్యాహ్నపు ఎండ, ఎవరివో వేరుశనగ చేలు, మేకలు రోడ్డు దాటుతున్నాయి. నా ఒళ్లో సంచీ అలాగే ఉంది. కాళ్లతో తడుముకుంటే, సీటు కింద విడిచిన చెప్పులు లేవు.

డ్రైవరు పక్కన, ఇంజను మూత దగ్గర కూర్చున్న ముసలామె వెనక్కి తిరిగి రెండు చెప్పులు ఎత్తి చూపించింది. "ఇయ్యి నీయేనామ్మా? బ్రేకేస్తే జారుకుంటా ఈడికొచ్చినాయి."

"నావే అవ్వా."

"ఆడనే ఉండు, అందిస్తా. కాలు పెట్టాకు, ఇంజను వేడికి ఈడ రేకు మాడిపోతాంది."

"వద్దవ్వా, నేనే వస్తా" అని లేచాను. నాలుగు సీట్ల అవతల రబ్బరు పట్టా అయిపోయి ఉత్త రేకు మొదలయ్యే చోట ఒక్క క్షణం ఆగి, కుడికాలు పెట్టాను. చురుక్కుమంది. అరికాలంతా, మడమ దాకా, బాగా తెలిసింది.

నవ్వుకుంటూ ఎడమకాలు కూడా పెట్టాను, పరుగెత్తలేదు.