చీమ నడక

మా బావగారిని ఆ రోజు తీసుకువెళ్ళింది అమ్మవారా, జబ్బా? తొమ్మిదేళ్ళుగా ఈ అనుమానాన్ని ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాను. రోజూ పొద్దున్నే దీపం పెట్టి, జపం చేసుకుని కొట్టుకు వెళ్ళే మనిషిని. అమ్మవారి విషయంలో అనుమానం పెట్టుకోవడం తప్పని తెలుసు. అయినా అది పోలేదు.

బావగారు రామకోటేశ్వరరావు, మా అక్క భర్త, పామర్రులో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. తర్వాత ఒక గురువుగారి దగ్గర కుండలినీ సాధన పట్టారు. వెన్ను అడుగున నిద్రపోయే అమ్మవారి శక్తిని శిరస్సుకు ఎక్కించే సాధన అది. నలభై రోజుల దీక్ష. మాట్లాడకూడదు. ఒంటిపూట తిండి, అందులో ఉప్పు ఉండకూడదు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు శ్వాస అభ్యాసం. మే నెలలో మొదలుపెట్టి, ముప్పై మూడో రోజు మధ్యాహ్నం మేడమీద గదిలో కూర్చున్నచోటే ఒరిగిపోయారు. శక్తి శిరస్సుకు చేరింది, ఆయన సిద్ధి పొందారు అన్నారందరూ. ఆయన ఫోటోకి ఇప్పటికీ దండలు వేస్తారు. ఆ రోజు గది బయట కాపలా కూర్చున్నవాణ్ణి నేనే.

గవర్నర్‌పేటలో పంపుసెట్ల సామాను అమ్మే కొట్టు నాది. మూలబంధం గురించి గురువుగారు చెప్పినప్పుడు అందరికన్నా ముందు నాకే అర్థమైంది. పైపు అడుగున ఫుట్ వాల్వ్ ఉంటుంది. ఎక్కిన నీళ్ళు మళ్ళీ జారిపోకుండా పట్టి ఉంచుతుంది. వెన్ను అడుగున అలాగే బిగించి, శ్వాసతో శక్తిని పైకి లాగుతారు. అంతవరకు బాగానే ఉంది. పైపులో నీళ్ళు లేకుండా మోటారు ఆడిస్తే కాలిపోతుందని కూడా నాకు తెలుసు. ఆ మాట మాత్రం గురువుగారిని అడగలేదు.

ఈ ఏడు వేసవిలో మా ఆవిడ సుబ్బరత్నం తానూ దీక్ష పడతానంది. అన్నయ్యగారు వెళ్ళిన చోటికి కనీసం గుమ్మం దాకానైనా వెళ్ళొస్తానంది. వద్దనాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. అది చెప్పాలంటే ఆ మధ్యాహ్నం నేను విన్నది చెప్పాలి. నేను చెప్పలేదు. పూజ గది పక్క గది ఖాళీ చేసి, చాప వేసి ఇచ్చాను.

మౌనం కాబట్టి ఏం కావాలన్నా చిన్న నోటుపుస్తకంలో రాసేది. ఆవిడది గుండ్రటి దస్తూరీ. పన్నెండో రోజున రాసింది: "వెన్నులో చీమలు పాకుతున్నాయి." గురువుగారికి ఫోన్ చేసి చెబితే ఆయన గొంతులో సంతోషం వినిపించింది. శక్తి మొదట చీమలా నడుస్తుందట. తర్వాత కప్పలా గెంతుతుంది, ఆ తర్వాత పాములా మెలికలు తిరుగుతుంది. ఎండలు ఎక్కువగా ఉన్నాయి, నీళ్ళు బాగా తాగించండి అన్నారు. రోజూ బీపీ బిళ్ళతో పాటు బిందె నింపి పక్కన పెట్టాను. తాగేది.

పంతొమ్మిదో రోజున ఆవిడ పిక్కలు వాటంతట అవే ఎగిరెగిరి పడ్డాయి. కప్ప అనుకున్నాను. చేతులెత్తి దణ్ణం పెట్టాను గానీ ఆ పూట అన్నం సయించలేదు. బావగారి పిక్కలు కూడా అలాగే ఎగిరాయి.

ఇరవై నాలుగో రోజుకి ఆవిడ రాసే వరుసలు పేజీ చివరికి వచ్చేసరికి కిందికి జారిపోతున్నాయి. "లోపల ఎవరో నడుస్తున్నారు" అని రాసింది. ఎవరని అడిగితే చాలాసేపు నన్ను చూసి, పుస్తకం మూసేసింది.

ఇరవై ఆరో రోజు కొట్టు నుంచి భోజనానికి వచ్చాను. ఒంటిగంట దాటింది. వీధిలో ఆటోల చప్పుడు కూడా లేదు. గది తలుపు ఓరగా ఉంది. సుబ్బరత్నం చాప మీద కూర్చుని ఉంది. చాప అంచున వాంతి. నడుము పైభాగం ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మెల్లగా ఊగుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ వాటిలో నేను లేను. పక్కన బిందె దాదాపు ఖాళీ. పుస్తకం తీసి చూశాను. పేజీ నిండా ఒకటే అక్షరం. 'మ' మీద 'మ', దాని మీద మరో 'మ', కాగితం చిరిగేదాకా రాసింది.

గురువుగారికి ఫోన్ చేశాను. పాము నడక వచ్చింది, ముట్టుకోవద్దు అన్నారు. ఎక్కుతున్న మనిషిని మధ్యలో చెయ్యి పట్టి లాగితే మతి చలిస్తుంది, మళ్ళీ మామూలు మనిషి కాదు అన్నారు. ఆయన బెదిరించడానికి అనలేదు. నమ్మి అన్నారు. నేనూ నమ్మాను. గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, పామర్రులో కూడా ఇలాగే, ఎడమ మోకాలు మడిచి, గోడకి ఆనుకునే కూర్చున్నానని. ముట్టుకుంటే పిచ్చిదైపోతుందేమో. ముట్టుకోకపోతే సాయంత్రానికి ఈవిడ ఫోటోకి కూడా దండ వేస్తానేమో.

డాబా తాళం కోసం ఆరోన్ పైకి వచ్చాడు. మా కింద వాటాలో అద్దెకుండే కుర్రాడు, లేబొరేటరీలో రక్తపరీక్షలు చేస్తాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆంటీకి ఎప్పట్నుంచి ఇలా ఉందంకుల్?"

దీక్ష అని, కదిలించకూడదని చెప్పాను. అతను నవ్వలేదు. గొంతు తగ్గించి అన్నాడు.

"మా చర్చిలో కూడా ఊగుతారంకుల్, ఆత్మ దిగిందని. మా అమ్మే ఊగుద్ది. కానీ ఎంత ఊగినా నీ పేరేంటమ్మా అంటే 'నా పేరు నీకు తెలీదేంట్రా' అని తిడద్ది. మీరోసారి పేరడగండి."

అడగడానికి కూడా భయమేసింది. దగ్గరికి వెళ్ళి వంగి, "రత్నం, నీ పేరేంటి?" అన్నాను.

ఊగడం ఆగింది. ఇరవై ఆరు రోజుల తర్వాత మొదటిసారి ఆవిడ గొంతు విన్నాను. తన కుడిచెయ్యి పైకెత్తి చూసుకుంటూ, చిన్నపిల్లలా అడిగింది.

"ఈ చెయ్యి ఎవరిది, నాన్నా?"

ఆవిడ నాన్న పోయి ఇరవై ఏళ్ళు.

ఆ క్షణంలో నాకు బావగారి గొంతు వినిపించింది. తొమ్మిదేళ్ళ కింద, మూసిన తలుపు వెనక నుంచి రెండుసార్లు పిలిచారు, "మాణిక్యం" అని. అక్కని ఆయన పేరుపెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. తర్వాత, "కాస్త ఉప్పు మజ్జిగ ఇమ్మను" అన్నారు. ఇంద్రియాలు చివరి మెట్టు మీద లాగుతున్నాయి, దీక్ష చెడకూడదు అనుకుని నేను తలుపు తీయలేదు. అక్క కింద వంటింట్లోనే ఉంది. ఆవిణ్ణి పిలవలేదు. ఆయన పోయిన పదకొండో రోజు జనం పల్చబడ్డాక అక్క నన్ను పక్కకి తీసుకెళ్ళి ఒక్కటే అడిగింది, ఆయన చివర్లో తనని పిలిచారా అని. తర్వాత చెప్తానక్కా అన్నాను. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ అడగలేదు. నేను చెప్పలేదు.

"అమ్మా, తప్పయితే నన్ను శిక్షించు" అని పైకే అని, సుబ్బరత్నం చంకల కింద చేతులు వేసి లేపాను. ఆరోన్ కాళ్ళు పట్టుకున్నాడు.

ఆటో ఎక్కిన అయిదు నిమిషాలకి ఆవిడ ఒళ్ళంతా కర్రలా బిగుసుకుంది. పళ్ళు కరుచుకుపోయాయి, కళ్ళు పైకి తిరిగిపోయాయి. నేను ముట్టుకోబట్టే, నేను కిందికి లాగబట్టే అనుకున్నాను. వెనక్కి తిప్పమని డ్రైవర్‌తో అన్నానట. నాకు గుర్తులేదు. ఆరోన్ ఆవిణ్ణి పక్కకి ఒత్తిగిలించి పట్టుకుని, పోనియ్యన్నా ఆగొద్దు అన్నాడట.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను చాలా ప్రశ్నలు అడిగింది. బీపీకి ఏ బిళ్ళ వాడతారు, ఏం తిన్నారు, ఎన్ని నీళ్ళు తాగారు. బిళ్ళ పేరు చెబితే, ఒంట్లో ఉప్పును మూత్రంలో పంపించే బిళ్ళ అది అంది. పైన ఉప్పులేని తిండి, చెమట, బిందెడు నీళ్ళు. రక్తంలో సోడియం నూట ముప్పై అయిదుకి తగ్గకూడదట. ఈవిడకి నూట ఆరు ఉంది. మరి గబగబా ఎక్కించెయ్యండమ్మా అన్నాను. తొందరపడితే మెదడు దెబ్బతింటుంది, మెల్లగా పెంచాలి, మనిషి ఎలా లేస్తారో ఇప్పుడే చెప్పలేను అంది.

మెల్లగా అంటే మూడు రోజులు. ఐసీయూ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. జపం చేయబోతే నాలుక మీద మంత్రం నిలవలేదు. ఎవరిని వేడుకోవాలి? ఆవిణ్ణి పైకి తీసుకుపోతున్న తల్లినా, కిందికి దించమని? ఆరోన్ వాళ్ళమ్మ శౌరమ్మ గారు వచ్చి పక్కన నిలబడి తన ప్రార్థన తాను చేసుకుంది. ఆమెన్ అన్నప్పుడు నేనూ దణ్ణం పెట్టాను.

మూడో రోజు సాయంత్రం లోపలికి పిలిచారు. పేరడగడానికి నాకు నోరు రాలేదు. సుబ్బరత్నమే కళ్ళు తెరిచి, నీరసంగా చూసి, "కొట్టెవరికి అప్పజెప్పొచ్చారు?" అంది.

ఇంటికొచ్చాక ఆవిడకి అంతా చెప్పాను, బావగారి సంగతితో సహా. అంతా విని, ఉప్పు తగ్గిందన్నది నిజమే గానీ, పద్నాలుగో రోజు పొద్దున గుండెల్లో ఒక వెలుగు కనిపించింది, అంత శాంతి పుట్టి ఎరగను, అది కూడా ఉప్పేనా అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. గురువుగారికి ఫోన్‌లో చెప్పాను. మా గురువులు కొండల మీద చలిలో చేసేవారు నాయనా, చెమట సంగతి నాకెవరూ చెప్పలేదు అన్నారు. వేసవిలో దీక్ష ఇవ్వనని, బిళ్ళలు వాడేవాళ్ళని ముందు డాక్టరుకి చూపిస్తానని చెప్పారు. బావగారిది కూడా ఇదేనా అన్నది ఇక తేలదు, ఆ రోజు ఎవరూ రక్తం తీసి చూడలేదు. నా అనుమానం ఎక్కడిదక్కడే ఉంది. కానీ అక్క అడిగినదానికి జవాబు చెప్పడానికి ఆ అనుమానం తీరనక్కర్లేదు. ఇన్నేళ్ళూ దాని వెనక దాక్కున్నాను.

కాలవలకి నీళ్ళు వదిలాక ఒక పొద్దున ఉయ్యూరు మీదుగా వెళ్ళే బస్సెక్కి పామర్రులో దిగాను. అక్క వసారాలో కూర్చుని చేటలో కందిపప్పు బాగు చేస్తోంది. సుబ్బరత్నం ఎలా ఉందని అడిగింది. బాగుందని చెప్పి, నిలబడే అన్నాను, బావగారు ఆ రోజు నిన్ను పిలిచారక్కా అని. మజ్జిగ అడిగిన సంగతీ, నేను తలుపు తీయని సంగతీ చెప్పాను.

అక్క చేతులు ఆగలేదు. రెండు రాళ్ళు ఏరి పక్కన పడేసింది.

"కిందే ఉన్నాను కదరా" అంది. ఆ తర్వాత, "తొమ్మిదేళ్ళు దీని మీద కూర్చున్నావా, కృష్ణా" అంది. తిట్టినా బాగుండేది.

నేను వెళ్ళిపోవాలో ఉండాలో తెలియక చెప్పుల వైపు చూస్తుంటే మళ్ళీ అడిగింది.

"ఏమని పిలిచారు?"

"మాణిక్యం అని."

"ఎలా? ఆయన పిలిచినట్టే పిలు."

మొదటిసారి మామూలుగా, పక్క గదిలో మనిషిని పిలిచినట్టు పిలిచారు. రెండోసారి చివర కొంచెం సాగింది. నేను అలాగే పిలిచాను, రెండుసార్లూ.