సగోత్రపు చిప్పులు

తెల్లవారుజాము పూజ ముగించుకుని జగన్నాథం స్వామి శాలిబండలోని తన ఇంటి అరుగు మీద పంచాంగంతో కూర్చునేవాడు. గుడిలో అర్చకత్వం, ఇంట్లో జాతకాల పొంతన. ఆయన సరేనంటే పెళ్లి, కాదంటే లేదు. పక్క పేట ఛత్రినాక దాకా అదే లెక్క. కళ్లకు పొర కమ్మి అంకెలు అలుక్కుపోతున్నా ఆయన మాటకు ఎదురులేదు.

ఆ మాట సొంత కూతురికే అడ్డం పడింది. బడిలో లెక్కలు చెప్పే ఆండాలు, సర్కారీ కర్మాగారంలో టీవీలు బిగించే మురళీధర్‌ను చేసుకుంటానంది. ఇద్దరిదీ శ్రీవత్స గోత్రం. వరుసకు అన్నాచెల్లెళ్లవుతారని స్వామి కాదన్నాడు. ఆండాలు ఎదురు చెప్పలేదు, ఇంకో సంబంధానికీ ఒప్పుకోలేదు. ముప్పై దాటింది.

మురళీధర్ మొండిఘటం. అల్లుడిగా రానివ్వకపోతే పనివాడిగా వస్తానన్నట్టు, జాతకాలు లెక్కగట్టే కంప్యూటర్‌ను స్వామి ఇంట్లోనే బిగించి ఇస్తానన్నాడు. అప్పుడప్పుడే కంప్యూటర్ అన్న మాట పేపర్లలో కనబడుతున్న రోజులు. కళ్ల బాధ ఉంది కాబట్టి స్వామి సరేనన్నాడు. కోఠిలో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి ఒక్కో ముక్కా తెచ్చి కూర్చాడు మురళీధర్. ఆఖరికి మెమరీ చిప్పులు మిగిలాయి. యంత్రానికి జ్ఞాపకం వాటిలోనే ఉంటుంది. మొత్తం తొమ్మిది. నవగ్రహాల లెక్క కుదిరిందని స్వామి సంతోషించి, ఒక్కోదాన్నీ భూతద్దం కింద పెట్టి చూశాడు. అన్నింటి వీపు మీదా ఒకే కంపెనీ పేరు.

"గిట్ల కుదరది. అన్నీ ఒక్కటే గోత్రం."

"స్వామీ, ఇవి ఒక్క తీరువి ఉంటేనే కలిసి పనిచేస్తయి. ఒకటి జల్దీగ, ఒకటి నిదానంగ నడిస్తే లెక్క తప్పుతది."

"నా ఇంట్ల సగోత్రం నడవది."

పిల్లనడిగినవాడు పిల్ల తండ్రితో ఎంతని వాదిస్తాడు? ఆ చిప్పులు జేబులో వేసుకుని, ఒక్కోటీ ఒక్కో కంపెనీది తెచ్చి గుచ్చాడు.

యంత్రం నడిచింది గానీ, మొట్టమొదటి జాతకంలోనే చంద్రుణ్ణి మూడు ఇళ్లలో కూర్చోబెట్టింది. దాంతోపాటు చుట్టుపక్కల వాళ్ల జ్ఞాపకాలు కూడా ఇల్లు తప్పాయి. పాలు పోసే ఎల్లప్పకు, స్వామి భార్య రంగనాయకి చిన్నప్పుడు విన్న జోలపాట వచ్చి చేరింది. గుమ్మంలో పాలు కొలుస్తూ పాడేవాడు. ఆ పాట తన దగ్గర లేదన్న సంగతి రంగనాయకికి అప్పుడే తెలిసింది. పాట అయ్యేదాకా గిన్నె పట్టుకుని నిలబడేది. పక్కింటి రుక్మాబాయికి స్వామి ఒడుగు నాటి ముచ్చట్లు వచ్చాయి. గుండు చేస్తుంటే ఆయన ఎంత లొల్లి చేశాడో గల్లీ అంతా చెప్పింది. ఎవరూ వింతపడలేదు. గాలికి పక్క మేడ మీద పడిన బట్టలను తెచ్చి ఇచ్చినట్టు, సాయంత్రాలు అరుగు మీద చేరి ఎవరి జ్ఞాపకం వాళ్లకు చెప్పి పోయేవాళ్లు.

ఒక పొద్దున తులసిమాల కడుతుంటే స్వామి చేయి ఆగిపోయింది. ఆయనకు ఆండాలు జ్ఞాపకమొకటి వచ్చి చేరింది. వంటింట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. గోడ అవతల తండ్రి కాదంటున్నాడు. రాళ్లు చేటలో ఉంచి బియ్యం పారేస్తున్నానని తెలుస్తూనే ఉంది, చేయి మాత్రం ఆగడం లేదు. మెట్లు దిగిపోతున్న మురళీధర్ చెప్పుల చప్పుడు. అది దూరమవుతుంటే డెబ్బై ఏళ్ల స్వామి మెట్ల వైపు చెవి ఒగ్గాడు. ఎందరికో కాదని చెప్పాడు గానీ, ఆ మాట గోడ అవతలి నుంచి ఎలా వినబడుతుందో అప్పటిదాకా ఆయనకు తెలియదు. మాల పక్కన పెట్టి ఏడ్చాడు.

ఆ సాయంత్రమే అందరి ముందూ మురళీధర్‌కు మాటిచ్చాడు. ఆండాలును మేనమామకు దత్తతిస్తే గోత్రం మారుతుంది, ఆయనే కన్యాదానం చేస్తాడు. ఇక ముహూర్తం లెక్క తప్పకూడదు కాబట్టి ఒక్క కంపెనీ చిప్పులే పెట్టమన్నాడు.

మురళీధర్ మొదటి తొమ్మిదింటినీ తెచ్చి గుచ్చాడు. చంద్రుడు ఒక ఇంట్లో కుదురుకున్నాడు. ఎవరి జ్ఞాపకాలు వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాయి. మర్నాడు ఎల్లప్ప పాలు పోసి, పాడకుండా సైకిలెక్కాడు.

స్వామి పంచాంగం మూసి భార్యనడిగాడు.

"సగోత్రానికి నేనెట్ల ఒప్పుకున్న?"

"ఏమో. మాటైతే ఇచ్చిన్రు. అందరం విన్నం."

అందరూ విన్న మాట తప్పడం ఆయన వంశంలో లేదు. లోపల ఏడుపు వినబడితే లేచి వెళ్లాడు. ఆండాలు పెట్టెలో చీరలు సర్దుతూ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"మాటిచ్చిన గద బిడ్డా, ఇంక ఏడుపెందుకు?"

ఆయనకు నిజంగానే తెలియదు; గోడ అవతల విన్న ఆ మాట మళ్లీ కూతురి దగ్గరికే వెళ్లిపోయింది. ఏం లేదు బాపూ అని ఆండాలు కళ్లు తుడుచుకుంది. పిచ్చిపిల్ల అనుకుంటూ స్వామి కండువా భుజాన వేసుకుని, ఆమె మేనమామకు కబురు చెప్పడానికి బయల్దేరాడు.