సాపు ప్రతి

వకీలుగారు తమ్ముడి అర్జీ ఆసాంతం చదివి బల్ల మీద పెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“బాగా రాశారు టీచరుగారూ. వేలుపెట్టి చూపించడానికి ఒక్క తప్పు లేదు. గడువే దాటిపోయింది.”

తమ్ముడు మెకానిక్కు. గిడ్డంగి తగలబెట్టాడన్న కేసులో శిక్ష పడింది. పై కోర్టు అప్పీలు కొట్టేయడంతో ఆ శిక్ష ఖాయమైపోయింది. ఆ తరవాత, తాను చూసింది వేరే మనిషినని గిడ్డంగి కాపలాదారు ఒప్పుకున్నాడు. ఖాయమైన శిక్షను మళ్ళీ ప్రశ్నించాలంటే ఏడాదిలోగా అర్జీ వేయాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు.

“పోస్టులో ఆలస్యమైందని చెప్పుకోలేమా అండీ?”

“జైల్లో ఉన్నవాళ్ళకి పోస్టుతో పనిలేదమ్మా. కాగితం జైలు గుమస్తా చేతిలో పెట్టిన రోజే కోర్టులో వేసినట్టు లెక్క. ఆయన వేసవిలోనే రాసుకున్నాడన్నారుగా? అక్కడే ఇచ్చేస్తే సరిపోయేది. మీకెందుకు పంపాడు?”

నేను పంపమన్నాను గనక.

వేసవిలో జైలుకి చూడటానికి వెళ్ళినప్పుడు ఆ కాగితాలు మా మధ్యనున్న అద్దానికి ఆనించి చూపించాడు. నిండా కొట్టివేతలు. గుమస్తాకి ఇచ్చేస్తానన్నాడు. జడ్జి చదవాల్సింది ఇలాగేనా, నాకు పంపు, దిద్దుతానన్నాను. బడిలో ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే అది. ఏ పిల్లవాడి దగ్గరా మొదటి ప్రతి తీసుకోను. వాడు పంపాడు. నేను దిద్ది పంపితే ఎత్తి రాశాడు. మళ్ళీ దిద్దాను. కాపలాదారు మాట ముందుండాలా, అప్పీలు సంగతి ముందుండాలా అని చాలాకాలం తేల్చుకోలేదు.

మంచంలో ఉన్న అమ్మ రోజూ అడిగేది.

“చిన్నోడి కాగితం వెళ్ళిందా?”

“అయిపోవచ్చిందమ్మా.”

“నీకెప్పుడు నచ్చాలి, వాడెప్పుడు ఇంటికి రావాలి?” అని గోడవైపు తిరిగిపోయేది.

అమ్మ పోయాక ఆ కాగితాలు సొరుగులో పెట్టాను. మళ్ళీ తీసి, దిద్దడం పూర్తిచేసేసరికి గడువు లేదు.

“ఆలస్యానికి కారణం రాసిస్తే జతచేద్దాం,” అన్నారు వకీలుగారు. “అది ఆయన చేతిలో లేని కారణమైతే కోర్టు మన్నించొచ్చు. మన్నించకపోనూవచ్చు. నేను మాటివ్వలేను.”

ఆ వారమే జైలుకి వెళ్ళాను. నేను రాసిన కాగితాన్ని కాపలా జవాను తిరగేసి చూసి, అర్జీతోపాటు అద్దం కింది సందులోంచి అవతలికి తోశాడు. తమ్ముడు ఫోను అందుకున్నాడు. చిక్కిపోయాడు.

“అమ్మ పోయిన బెంగలో నేనే మర్చిపోయానని రాశావు కదక్కా?”

“నువ్వు మర్చిపోలేదు కదరా.”

“మరేం రాశావ్? మా టీచరమ్మ పాస్ చెయ్యలేదనా? జడ్జి నవ్విపోతాడు.”

“నవ్వనీ. అదే రాశాను.”

వాడు చదవడం మొదలుపెట్టాడు. ఫోను చెవి దగ్గరే ఉంది గనక వాడి ఊపిరి నాకు వినబడుతూనే ఉంది. చివరికి వచ్చాక కాగితం అద్దానికి ఆనించాడు.

“ఇక్కడ రెండు కొట్టివేతలున్నాయే.”

“ఉన్నాయి.”

“సాపు చేసి తెస్తావా? పై వారం ఇస్తాలే.”

ఆటపట్టిస్తున్నాడో, నిజంగానే అడుగుతున్నాడో పోల్చుకోలేకపోయాను. చిన్నప్పుడు కూడా ఇలాగే పలక పట్టుకుని నా ముఖం చూసేవాడు.

“వద్దు. ఇప్పుడే వెళ్ళి ఇచ్చెయ్.”

“నీ మీదకి వస్తుందేమోనే.”

“రానీరా. లే.”

వాడు ఫోను కొక్కేనికి తగిలించి లేచాడు. గది అవతలి చివర గుమస్తా కిటికీ ఉంది. ముందు ఇద్దరున్నారు. వాళ్ళ వెనక కాగితాలు గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మధ్యలో అమ్మ అడిగిన మాట రాశాను. అది అక్కడ ఉండకూడదు. జాలి కోసం రాసినట్టుంటుంది. ఆ రెండు వాక్యాలు తీసేస్తే మిగతాది గట్టిగా నిలుస్తుంది. వాణ్ణి పిలుద్దామని ఫోను ఎత్తాను. అవతల ఎవరూ లేరు.

గుమస్తా తలెత్తకుండా ముద్ర కొట్టాడు. తమ్ముడు వెనక్కి తిరిగి, అయిపోయిందన్నట్టు చెయ్యెత్తాడు. నేనింకా ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఉన్నాను.