ఏమీ కాని పిల్ల

అత్తగారి మంచం మీద దుప్పటి మారుస్తుంటే వెనక నుంచి భర్త అన్నాడు. "కోర్టుకెక్కావటగా! ఆ పిల్ల నీకేమవుతుందని?"

ఆమె ముసలావిణ్ణి ఒక పక్కకి ఒత్తిగిలించి, తడిసిన దుప్పటి లాగేసి, ఉతికినదొకటి పరిచింది. "దిక్కులేని వాళ్ళందరికీ నువ్వే దొరికావా?" అని అత్తగారు పడుకున్న చోటి నుంచే ఓ మాట విసిరింది.

ఆ పిల్లని పుట్టిన నాటి నుంచీ ఎరుగును ఆమె. ఆసుపత్రి లాండ్రీలో ఆమెదీ, పిల్ల తల్లిదీ పక్కపక్క ఇస్త్రీబల్లలు. అందరికంటే జానెడు ఎత్తు కనక పిల్ల తల్లిని పొడుగక్క అనేవారు. ఆ రోజులు తలచుకుంటే ఆమెకి ఇప్పటికీ నవ్వొస్తుంది. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నడిచొచ్చి, మధ్యలో చేతులు కలిసే సరికి పొడుగక్క గుసగుసగా, "ముక్కు తుడుచుకోవే, సూపర్‌వైజరు ప్రేమలో పడతాడు" అనేది. ఆమె చేతిలో కొస జారిపోయేది. సూపర్‌వైజరు కసిరేవాడు. పని దిగాక పొడుగక్క అద్దెగదిలో, కిటికీ పక్కన చేరగిలబడి టీ తాగేవాళ్ళు. గ్లాసు పట్టుకుని ఊరికే కూర్చున్నా ఎవరూ ఏమీ పురమాయించని చోటు ఆమెకి ఈ లోకంలో అదొక్కటే. మాటలు రాగానే పిల్ల ఆమెని "పిన్నీ" అంది. ఎవరూ నేర్పలేదు.

పొడుగక్క జబ్బుపడి, ఆ ఆసుపత్రిలోనే, తను ఉతికిన దుప్పట్ల మీదే కన్నుమూసింది. పిల్లని చూసుకోమని అడగనైనా లేదు. చెయ్యి పట్టుకుని, "జడ మరీ బిగించి వెయ్యకు, ఏడుస్తుంది" అంది, అంతే. పిల్ల తండ్రి అంతకు ముందే పోయాడు. నా అనేవాళ్ళు ఎవరూ రాలేదు. పిల్లని అనాథాశ్రమంలో చేర్చారు. ఆదివారాలు చూడబోతే, "చుట్టం కాకపోతే కాసేపేనమ్మా" అనేది అక్కడి వార్డెను.

ఆమె ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది. "కోర్టు మిమ్మల్ని సంరక్షకురాలిగా నియమిస్తే తెచ్చుకోవచ్చు. మీవారు ఒప్పుకుంటే తేలిక. ఒప్పుకోకపోయినా అడగొచ్చు. కానీ పిల్లని ఎక్కడ ఉంచుతారో చెప్పాలి" అందావిడ.

భర్త ఒప్పుకోలేదు. విచారణ రోజున వచ్చి, "నా ఇంట్లో ఉంచడానికి వీల్లేదండీ" అని జడ్జిగారి ముందు తెగేసి చెప్పాడు.

జడ్జిగారు ఆమె వైపు తిరిగారు. "ఈ పిల్ల మీకేమవుతుందమ్మా?"

"ఏమీ కాదండి" అందామె. "నేను కాపురానికొచ్చిన రోజున ఆ ఇంట్లో వాళ్ళూ నాకేమీ కారండి. మా మరిది చదువైపోయేదాకా క్యారేజీ కట్టాను. ఆడపడుచుకి పురుళ్ళు పోశాను. అత్తయ్యకి ఇప్పటికీ అన్నీ మంచంలోనే, నేనే చేస్తాను. నీకేమవుతారని ఒక్కరూ అడగలేదు. వాళ్ళని నేను కోరుకోలేదండి. ఈ పిల్లని కోరుకుంటున్నాను."

జడ్జిగారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. "మరి ఎక్కడ ఉంచుతారు?"

"వాళ్ళమ్మ గదిలోనండి. పోయిన నెల నేనే అద్దెకి తీసుకున్నాను. నేనూ అక్కడే ఉంటాను."

భర్త దిగ్గున తల తిప్పి చూశాడు.

తర్వాత కోర్టు మనిషి గది చూసి వెళ్ళాడు. జడ్జిగారు పిల్లని ఒంటరిగా పిలిచి మాట్లాడారు. ఉత్తర్వు చేతికొచ్చిన రోజున కోర్టు మెట్ల కింద భర్త అడ్డం నిలబడ్డాడు. ఈసారి అతని గొంతులో కోపం లేదు, బెంగ ఉంది.

"మరి అమ్మనెవరు చూస్తారే?"

"మీరున్నారుగా" అందామె. దెప్పుదామని కాదు. ఆ సంగతి అప్పుడే ఆమెకీ కొత్తగా తోచింది.

గదిలో అడుగుపెట్టగానే పిల్ల కిటికీ తెరిచి, వాళ్ళమ్మ ఎప్పుడూ కూర్చునే చోట కాసేపు కూర్చుంది. ఆమె ఇద్దరికీ టీ పెట్టింది. వెలుగు వాలుతోంది. ఇదివరకు ఈ వేళకి ఆమె సగం టీ వదిలేసి, వంటకి ఆలస్యమవుతుందంటూ పరిగెత్తేది. పిల్లకది గుర్తే ఉన్నట్టుంది. గ్లాసు పట్టుకుని, తలుపు వైపే చూస్తూ అడిగింది.

"పిన్నీ, ఇంక వెళ్ళిపోతావా?"

"ఎక్కడికే?" అందామె. "వచ్చేశాను కదా."