చంద్రమ్మకు శిగమొచ్చిన ఆషాఢం

పందొమ్మిది వందల డెబ్బై నాలుగుల, ఆషాఢం బోనాలప్పుడు, లాల్‌దర్వాజా గల్లీల దుర్గయ్య ఇంటి ముందట చెప్పులు ఇడిచే జాగ లేకుండె. అతని పెండ్లాం చంద్రమ్మ మీదికి అమ్మవారు వచ్చిందని జనం పసుపు కుంకుమలు పట్టుకొని వస్తున్నరు. బోనాల నాడు ఎవరికన్న శిగమొస్తే ఘడియసేపు ఊగి చల్లవడుతరు గదా, ఈమె మీదికొచ్చిన తల్లి మాత్రం పోనే పోతలేదు. తిండి లేదు, నిద్ర లేదు. పండ్లు పటపట కొరుకుతది, కండ్లు ఇంతింత జేసి చూస్తది, మాట్లాడుడు మొదలువెడితే ఆపదు.

పాలమ్ముకొని బతికే దుర్గయ్యకు ఛాతి ఉబ్బింది. "తల్లే మా ఇంటికి నడిచొచ్చింది భాయ్" అని కనవడ్డోనికల్ల చెప్పుకుంట తిరిగిండు. పెండ్లాం చెంపలు గుంటలు వడ్డయి, చేతిగాజులు మోచేతి దాక జారుతున్నయి. గదంత ఉపాసం మహిమే అనుకున్నడు. పొద్దుగాల బర్రెలు పిండి, పగలంత లాడ్ బజార్ సేటు ఇచ్చిన లక్కగాజులకు రాళ్లు అద్ది, మళ్ల ఇంత వంట జేసే మనిషి ఎన్నడు నడుం వాల్చకపాయె. గంత తాకత్ ఏడికెల్లి వచ్చిందని అడుగొద్దా? అడగలె. మనోని తెలివి గంతే, ఏం జేస్తం!

ఒకనాడు పగటీలి లోపట్నుంచి ఆడోళ్లు కెవ్వుమన్నరు. దుర్గయ్య ఉరికిండు. చంద్రమ్మ గోడకు ఒరిగి, రాళ్లు అద్దే ఇనుప పుల్లతోని తన చెయ్యి తనే గీక్కుంటున్నది. చీరంత నెత్తురు.

"పురుగులు! తోలు కింద పారుతున్నయి, తియ్యుండ్రి!"

దుర్గయ్య తల్లి సుశీలమ్మ ఆ నెత్తురు మీదనే పసుపు అద్దుకుంట "శాంతించు తల్లీ" అని మొక్కుతున్నది. 

లొల్లి విని మేడ మీద కిరాయికుండే డాక్టర్ నాగమణి దిగొచ్చింది. కోస్తా నుంచి వచ్చి సర్కారు దవాఖానల పనిజేస్తది. పుల్ల గుంజుకున్నది, నాడి పట్టింది, కండ్లు చూసింది.

"చంద్రమ్మా, ఏం మాత్రలు వేసుకుంటున్నావు?"

దుర్గయ్యకు మండింది. "ఏం మాటలు డాక్టరమ్మా! అమ్మవారిని పట్టుకొని గోలీలంటవేంది? కండ్లు పోతయి!"

చంద్రమ్మ బొడ్ల సంచి ఇప్పి కుమ్మరించింది. తెల్లటి గోలీలు చాప మీద పారినయి.

"అమ్మవారు లేదు, ఏం లేదు. నిద్ర రాకుంట చేసే గోలీలియి. పెండ్లిండ్ల గాజుల పని ఒడుస్తలేదని మందుల దుకాణంల తెచ్చుకున్న. మొదాల ఒక్కటి మింగితే మస్తు హుషారుండె. ఇప్పుడు పిడికెడు మింగకుంటే లేవలేను. బంద్ జేస్తనని ఎన్నిసార్లు ఒట్టు వెట్టుకున్ననో, అన్నిసార్లు తప్పిన."

అయ్యో దేవుడా!  ఇన్నాళ్లు దుర్గయ్య హారతి వట్టింది గీ గోలీలకా?

"పరీక్షలని చదువుకునే పిల్లలు కూడా ఇవే మింగి మా దగ్గరికొస్తున్నారు," అన్నది నాగమణి. "గుండె ఎలా కొట్టుకుంటోందో చూడండి. ఇప్పుడే తీసుకెళ్ళాలి. మానేస్తే బాగా నిద్రపోతుంది, దిగులుపడుతుంది, మళ్ళీ కావాలని ఏడుస్తుంది. ఒంటరిగా వదలకూడదు. టైం పడుతుంది కానీ మనిషి దక్కుతుంది దుర్గయ్యగారూ."

సుశీలమ్మ కొడుకు చెయ్యి పట్టుకున్నది. "దవాఖాన వద్దు కొడుకా. దొంగశిగం ఊగిందని గల్లీ అంత ఉమ్మేస్తది. మన పాలు ఎవలు కొంటరు?"

"కొనకపోతే మానె. అది సచ్చిపోతదే అమ్మా!"

దుర్గయ్య గడపల నిలవడ్డడు. కొబ్బరికాయలు పట్టుకొని నిలవడ్డోళ్ల దిక్కు చూసిండు. గట్టిగ ఒర్రిండు.

"అమ్మవారు రాలె! నా పెండ్లాం గోలీలకు మరిగింది. దవాఖానకు కొంచవోతున్న. జరుగుండ్రి, రిక్షా రానియ్యుండ్రి!"

జనం నోళ్లు తెరిచిండ్రు. ఒకామె తూ అన్నది. డాక్టరమ్మ ముంగట రిక్షాల, వీళ్లిద్దరు ఎనుక రిక్షాల ఎక్కిండ్రు. మలుపు తిరిగినంక దుర్గయ్యకు ఏడుపు ఆగలె.

"ఒక్కపారన్న నాకు చెప్పకపోతివేందే?"

చంద్రమ్మ వణుక్కుంట అతని దిక్కు చూసింది.

"చెప్పిన. నా తోని అయితలేదు, నన్ను బతికియ్యి అని నీ చెయ్యి పట్టుకొని ఏడ్చిన. నువ్వు నా కాళ్లకు మొక్కి, ఏం కోరిక తల్లీ అని అడిగినవ్."